పోతరాజు వయసు

నాకు పదమూడేళ్లు నిండేసరికి మా బాపు చొక్కా నాకు సరిపోయేది. సరిపోవడమేమిటి, భుజాల దగ్గర కొంచెం బిగుతుగా కూడా ఉండేది. బస్సెక్కితే కండక్టరు నన్ను "అన్నా, జర ముందుకు జరుగు" అనేవాడు. కూరగాయల బండి దగ్గర అమ్మ పక్కన నిలబడితే బండి ఆమె "మీ తమ్ముడా?" అని అడిగేది. అమ్మ మొదట్లో నవ్వేది. తర్వాత తర్వాత నన్ను బజారుకు తీసుకుపోవడమే మానేసింది. బడిలో నేను ముందు కూర్చుంటే వెనకవాళ్లకు బోర్డు కనిపించదని ఆఖరి బెంచీకి పంపారు. పై పెదవి మీద నల్లటి మీసం. గొంతు సగం మాట మగవాడిలా, సగం మాట మేకపిల్లలా పలికేది. ఇదంతా నా ఒళ్లు నన్నడక్కుండా చేసుకున్న పని. సిగ్గుపడే పని మాత్రం నాకు అప్పగించింది. ఇప్పటికీ ఎవరైనా నా వయసు అడిగితే చెప్పేముందు ఒక క్షణం ఆగుతాను, అబద్ధం చెప్పబోయేవాడిలా.

మా బడి యాకుత్‌పురాలో. ఆటస్థలం పేరుతో ఉన్నది పొద్దున ప్రార్థన చేసే సిమెంటు గచ్చు మాత్రమే. ఒక ఏడాది, సెలవులయ్యాక, మా డ్రిల్ సార్ ఎక్కడో నాలుగు రోజులు శిక్షణకు వెళ్లి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతులు రెండు సంచిలో వేసుకొని వచ్చాడు. ఇది రగ్బీ అన్నాడు. మేమెవ్వరం ఆ పేరు వినలేదు. బంతిని ఎవరో తొక్కారేమో అనుకున్నాం.

"బంతి ఎనకకే ఇయ్యాలె, మనిషి ముందలికే ఉర్కాలె. గంతే ఆట. మిగిలినయన్ని తర్వాత చెప్తా" అన్నాడు సార్.

ఆ మిగిలినవన్నీ సార్‌కూ తెలియవని మాకు తర్వాత తెలిసింది. ఫోన్లో వీడియోలు చూసి ముందురోజు తను నేర్చుకున్నది మర్నాడు మాకు నేర్పేవాడు. గచ్చు మీద పడితే మోకాళ్లు పగులుతాయని, ఆదివారాలు మూసీ అవతల ఒక మట్టి మైదానానికి తీసుకెళ్లేవాడు. అక్కడే మొదటిసారి నా చేతికి బంతి వచ్చింది. పట్టుకొని పరుగెత్తాను. ఒకడు నడుం పట్టుకున్నాడు, ఇంకొకడు కాలు పట్టుకున్నాడు, ఇద్దరినీ ఈడ్చుకుంటూ గీత దాకా పోయి బంతిని నేలకు ఆనించాను. మొఘల్‌పురా నుంచి వచ్చే నా దోస్తు, సన్నగా గాలిపటం పుల్లలా ఉండేవాడు, గంతులేస్తూ "అరే చాచా! క్యా దౌడా రే చాచా!" అని అరిచాడు. ఆ రోజు నుంచి జట్టంతా నన్ను చాచా, అంటే బాబాయి, అనే పిలిచింది. బడిలో ఎవరైనా ఆ మాట అంటే కొట్టాలనిపించేది. మైదానంలో అంటే మాత్రం ఛాతీ ఉబ్బేది. ఇంతకాలం ఎక్కడ దాచాలో తెలియక వంచుకొని తిరిగిన ఒళ్లు, మొదటిసారి నాకు అక్కరకొచ్చింది.

పద్నాలుగేళ్లలోపు పిల్లల రాష్ట్ర జట్టుకు ఎంపికలు బోనాలయ్యాక రెండో వారంలో ఉంటాయని సార్ చెప్పాడు. "నిన్ను ఆపెటోడు ఈ పట్నంల లేడు బిడ్డా" అని భుజం మీద చరిచాడు. ఆ జట్టులో ఉండాలి. అంతకుమించి ఆ ఏడాది నాకు ఈ ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేకపోయింది.

కానీ నా ఒళ్లు కావలసినవాళ్లు ఇంకొకరు కూడా ఉన్నారు.

మా తాతల ఇల్లు లాల్‌దర్వాజాలో ఒక ఇరుకు గల్లీలో ఉండేది. ఆ గల్లీకి సొంతంగా చిన్న పోచమ్మ గుడి ఉంది. ఆ గుడికి బోనాలనాడు పోతరాజు వేషం కట్టే కొలువు మా ఇంటిది. తాత కట్టాడు, ఆయన తర్వాత బాపు కట్టాడు. నేను చంకలో ఉండగానే వానకు ఆ ఇల్లు కూలిపోతే మేం యాకుత్‌పురాకు అద్దెకు వచ్చేశాం. ఆ గల్లీవాళ్లు మమ్మల్ని చూసేది ఏడాదికొకసారి, బోనాలకే.

బాపు బస్సు డిపోలో మెకానిక్. ఏడాదంతా గోళ్లలో గ్రీజు, చెవుల్లో డీజిల్ చప్పుడు, ఎవరు గద్దించినా "సరే సార్". కానీ ఆషాఢంలో ఆ ఒక్కరోజు ఒంటినిండా పసుపు పూసుకొని, నడుముకు వేపమండలు చుట్టుకొని, కాళ్లకు గజ్జెలు కట్టి, కొరడా ఝళిపిస్తూ డప్పుల ముందు దూకితే, డిపోలో ఆయన్ను గద్దించే పెద్దసార్లు కూడా జనంలో ఉంటే చేతులు జోడించాల్సిందే. పోతరాజంటే పోచమ్మకు తమ్ముడు. బోనమెత్తుకున్న ఆడవాళ్లకు దారి చూపించేవాడు. జనం వరస కట్టి చేయి చాచి, ఆ కొరడా దెబ్బ మణికట్టు మీద పడితే పీడ పోతుందని మొక్కుకునేవారు. ఆ కొరడా తాత చేతిది. మిగతా రోజుల్లో ఎర్రగుడ్డలో చుట్టి మా ఇంట్లో దేవుడి పటాల పక్కన మేకుకు వేలాడేది. దాన్ని ముట్టుకోవాలంటే నేను స్నానం చేయాలి.

ఆ ఏడాది వేసవిలో బాపు డిపోలో బస్సు కింద పనిచేసే గుంతలో జారిపడ్డాడు. మోకాలు చిట్లింది. నడవగలిగాడు, దూకలేడు. బోనాలకు ముందు గుడిలో గల్లీవాళ్లు కూర్చున్నారు. బాపు నన్ను వెంట తీసుకుపోయాడు.

గుడి వ్యవహారాలన్నీ చూసేది ఒక పెద్దాయన. సర్కారు కొలువు చేసి రిటైరయ్యాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట కుంకుమ. ఒక మాట చెప్పాడంటే దానికి ఇంకో మాట ఉండదు. గల్లీలో జిమ్ముకు పోయే ఒకతను పోతరాజు కట్టడానికి సిద్ధంగా ఉన్నాడని, ఈ ఏడాదికి అతనికి అప్పగిద్దామని ఆయన అన్నాడు. బాపు మొహం నల్లబడింది.

"కాకా, నా కొడుకున్నడు" అన్నాడు.

"పోరడు కాదె? పోతరాజంటే పిల్లలాట కాదు. పిల్లగాండ్ల మీదికి తల్లి రాదు, వాళ్లు గా బరువు మొయ్యలేరు. ఎన్నేండ్లు నీ కొడుక్కు?"

"పద్దెనిమిది నిండినయ్" అన్నాడు బాపు.

నేను ద్వారబంధం పట్టుకొని నిలబడి ఉన్నాను. బాపు వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. పెద్దాయన నన్ను లోపలికి పిలిచి, కాళ్ల నుంచి తల దాకా చూసి, నా మీసం దగ్గర ఆగాడు.

"తల్లి ముందట జబాన్ ఇచ్చినవ్. ఇగ నాకు ఫికర్ లేదు" అని నా తల మీద చెయ్యి పెట్టాడు.

ఇంటికొచ్చాం. గుమ్మంలోనే బాపు తనంతట తనే అన్నాడు, "గుడిల ఒక్కరోజు పద్దెనిమిది. తెల్లారి మల్ల పదమూడే. ఎవనికేం పాయె?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "కన్నదాన్ని నేనిక్కడ ఉండంగ, నోటికొచ్చిన ఏండ్లు నువ్వు ఎట్ల చెప్తవ్? గది పోచమ్మ గుడి. నీ డిపో అనుకున్నవా, గైరుహాజరై సంతకం పెట్టనీకి?"

"గా జిమ్ము పోరని చేతుల నా తండ్రి కొరడా పెట్టాల్నా?" అని బాపు అరిచాడు. ఆ అరుపులో కోపంకన్నా ఏడుపే ఎక్కువ ఉంది. అమ్మ మళ్లీ పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

బోనాలనాడు బాపు పీట మీద కాలు చాపుకొని కూర్చొని, తన చేత్తో నా ఒంటికి పసుపు పూశాడు. నూనె కలిపిన పసుపు చల్లగా వీపు మీద పాకుతుంటే ఒళ్లు జలదరించింది. నా మీసం చాలదని కాటుకతో దిద్ది, కొసలు పైకి తిప్పాడు. ఎర్రగుడ్డ విప్పి, కొరడాను కళ్లకద్దుకొని నా చేతిలో పెట్టాడు.

నేను దూకాను. సన్నగా వాన పడుతోంది, డప్పులు గుండెలో మోగుతున్నాయి, జనం ఈలలు వేస్తున్నారు. నా మీదికి ఎవరూ రాలేదు. ఆ మాట ఇప్పుడు చెప్పడానికి కూడా సిగ్గుగానే ఉంది. పూనకం వచ్చినట్టు బాపు తల ఎలా తిప్పేవాడో గుర్తు తెచ్చుకొని అలాగే తిప్పాను. మా నాయనమ్మ వయసున్న ముసలామె నా కాళ్ల మీద బిందెతో నీళ్లు పోసి, వంగి మొక్కి, "నా మనవని జరం తగ్గాలె తండ్రీ" అంది. నాకు ఏడుపొచ్చింది. కాటుక కరుగుతుందని ఆపుకున్నాను. పక్కనే కర్ర పట్టుకొని నిలబడ్డ బాపు మాత్రం ఏడుస్తూనే ఉన్నాడు. "అచ్చం తాత లెక్కనే దుంకుతుండు" అని ఎవరో అంటే, ఆయన కర్ర వదిలేసి కళ్లు తుడుచుకున్నాడు.

రెండో వారం ఎంపికలు. పొద్దున్నే బాపు నన్ను మంగలి దుకాణానికి తీసుకెళ్లి, "మీసం తీసెయ్ అన్నా, నున్నగ తియ్" అన్నాడు. మొన్న కాటుకతో పెంచిన మీసమే ఇప్పుడు కత్తితో పోయింది. అద్దంలో నా మొహం ఉడకబెట్టిన ఆలుగడ్డలా ఉంది. నేను నిజంగానే పదమూడేళ్లవాణ్ణి. ఆ నిజం నమ్మించడానికి కూడా వేషం కట్టాల్సి వచ్చింది.

మైదానంలో షామియానా కింద ముగ్గురు సెలెక్టర్లు కూర్చున్నారు. వాళ్లలో ముఖ్యుడు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆఫీసరు. నా వంతు వచ్చేసరికి కళ్లజోడు తీసి, తుడుచుకొని, మళ్లీ పెట్టుకున్నాడు.

"బాబూ, నువ్వు ఆడటానికొచ్చావా, నీ తమ్ముణ్ణి దింపడానికొచ్చావా?"

అందరూ నవ్వారు. డ్రిల్ సార్ ముందుకొచ్చి నా పుట్టిన తేదీ కాగితం, బడి కాగితం చూపించాడు. వాళ్లు వాటిని పక్కన పెట్టి నన్ను చూడటం మొదలుపెట్టారు. చొక్కా విప్పమన్నారు. చేతులెత్తమన్నారు. చంకలు చూశారు. నోరు తెరవమని, సంతలో ఎద్దుకు చూసినట్టు వెనక దంతాలు చూశారు. నా వెనక వరసలో నలభైమంది పిల్లలు. మైదానం చుట్టూ వాళ్ల తల్లిదండ్రులు. నాకు కొట్టాలనిపించింది, పారిపోవాలనిపించింది, అన్నిటికన్నా ఎక్కువగా చిన్నగా అయిపోవాలనిపించింది. బాపు అవతల తాడు పట్టుకొని నిలబడి, ఆకాశంలో ఏదో ముఖ్యమైనది ఉన్నట్టు పైకి చూస్తున్నాడు.

"గోళ్లకేంటది?"

"పసుపు సార్."

"వంట కూడా నువ్వేనా?" అన్నాడు. మళ్లీ నవ్వులు.

చివరికి కాగితాలు సరిగానే ఉన్నాయని ఒప్పుకొని బరిలోకి దింపారు. ఆ కోపమంతా కాళ్లలోకి దిగింది. ఎలా ఆడానో నాకే తెలియదు. బంతి చేతికి వచ్చిన ప్రతిసారీ గీత దాటాను. కానీ ఒక్క పిల్లాడికీ దెబ్బ తగలనివ్వలేదు. పట్టుకున్నవాణ్ణి పడేసి, చెయ్యిచ్చి లేపాను. సాయంత్రం పేర్లు చదివినప్పుడు నా పేరు ఉంది. మొఘల్‌పురా దోస్తు పేరు లేదు. అయినా వాడే నా మీదికెక్కి గంతులేశాడు.

అప్పుడు జనంలోంచి ఒక గొంతు వినిపించింది. "సార్, ఒక్క మాట."

మా గల్లీ గుడి పెద్దాయన. ఆయన మనవడు ఇంకో బడి తరఫున వచ్చాడట. చురుకైన చిన్న పిల్లాడు. వాడి పేరు అప్పటికే చదివేశారు. అంటే ఆయనకు నా చోటుతో పనేమీ లేదు. అందుకే ఆయన మాటకు బరువెక్కువైంది.

"గీ పోరడు మా గుడి పోతరాజు సార్. వీనికి పద్దెనిమిది నిండినయ్. వీళ్ల నాయిన తల్లి ముందట నాతోటి చెప్పిండు. గింతటోన్ని చిన్నపిల్లల నడుమల దింపుతే ఎవనిదన్న మెడ ఇరుగుతది. మా మనవడు గూడ ఉన్నడు గండ్ల."

డ్రిల్ సార్ అడ్డం వచ్చాడు. "సార్, వీడు ఒకటో తరగతి సంది మా బడిలనే సదువుతుండు, నేను చూస్తనే ఉన్న" అన్నాడు.

"కాగితాలదేముందండీ, ఈ రోజుల్లో ఎవరికి కావలిస్తే వాళ్లకి పుడతాయి" అన్నాడు సెలెక్టరు. "ఎముకల పరీక్ష చేయిద్దామంటే టైము లేదు, జాబితా ఇవాళే వెళ్లాలి. ఈ పెద్దాయన తన మాట వెనక్కి తీసుకుంటే సరే. లేదంటే అబ్బాయిని పక్కన పెట్టేస్తాం. మీరూ మీరూ తేల్చుకోండి."

పెద్దాయన బాపు దగ్గరకు నడిచాడు. ఆయన గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"గుడిల చెప్పింది అబద్ధమా, ఈడ చెప్పేది అబద్ధమా? రెండిట్ల ఒక్కటి చెప్పు. నేను పోయి తల్లికి జవాబు చెప్పుకోవాలె."

బాపు ఏం చెబితే ఏం పోతుందో నాకు తెలుసు. తల్లి ముందు అబద్ధమాడిన ఇంటికి మళ్లీ కొరడా దొరకదు. పద్దెనిమిది అంటే నా జట్టు పోతుంది, పదమూడంటే తాత పేరు పోతుంది. నేను ముందుకు వెళ్లి, "పోనీ బాపు, నాకొద్దు ఆట" అనొచ్చు. ఒక కొడుకు అనాల్సిన మాటే అది. అనలేదు. వంగి బూటు లేసు విప్పాను, మళ్లీ కట్టాను. పదమూడని చెప్పు బాపు, పదమూడని చెప్పు అని లోపల గింజుకుంటున్నాను.

బాపు చేతులు జోడించాడు. కుంటికాలి వల్ల పక్కకు ఒరిగి నిలబడ్డాడు.

"గుడిల చెప్పిందే అబద్ధం కాకా. వీనికి పదమూడే. మా ఇంటి కొలువు పోతదని బుగులుబట్టి నేనే అబద్ధమాడిన. పోరనికి ఏం తెల్వదు. తల్లికి గదే చెప్పు."

వెనక ఎవరో పిల్లాడు కిసుక్కున నవ్వాడు. "చాచా, ఉఠ్. తేరే బావా అకేలే ఖడే హై" అని దోస్తు నా భుజం తట్టాడు. మీ నాన్న ఒక్కడే నిలబడ్డాడు, లే అంటున్నాడు. నేను లేవలేదు. డిపోలో ఏడాదంతా వంగే మనిషి. ఏడాదికొక్కరోజు తలెత్తేవాడు. ఆ ఒక్కరోజును కూడా నా కోసం నలుగురి ముందు తీసి పెట్టేశాడు. నాకు ఆయన్ను చూస్తే సిగ్గేసింది. అంతకన్నా సిగ్గుచేటు, లోపల్లోపల సంతోషమేసింది.

"నా మాట వాపస్ తీసుకుంటున్న సార్. పదమూడేనంట" అన్నాడు పెద్దాయన. వెళ్తూ వెళ్తూ బాపుతో మెల్లగా, "కొరడా గుడిల అప్పజెప్పు" అన్నాడు.

తిరుగు బస్సులో బాపు నా సంచి తన ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. దారిలో ఒక్కసారి మాత్రం "ఆకలైతుందా?" అని అడిగాడు. మర్నాడు స్నానం చేసి, ఎర్రగుడ్డ చుట్టిన కొరడాను చంకన పెట్టుకొని లాల్‌దర్వాజాకు వెళ్లొచ్చాడు. గోడకు మేకు అలాగే ఉండిపోయింది. అమ్మ దానికి ఏదీ తగిలించలేదు.

ఇక ఆ ఆటల సంగతి. వేరే రాష్ట్రంలో జరిగాయి. మొదటి ఆటకు ముందే అవతలి జట్టు కోచ్ మా మేనేజరు దగ్గరకు వచ్చి, నన్ను చూపించి, "వీడు ఆటగాడా, డ్రైవరా?" అని హిందీలో అడిగాడు. దింపితే ఫిర్యాదు పెడతామన్నాడు. ఫిర్యాదంటే పాయింట్లు ఆగిపోతాయని మేనేజరుకు గుబులు. "నువ్వు రేపు దిగుదువులే" అన్నాడు. రేపు ఇంకో జట్టు, ఇంకో కోచ్, అదే చూపు. బాపు అంత ఖరీదు పెట్టి చెప్పిన నిజం మా గల్లీ దాకానే చెల్లింది. ఊరు దాటేసరికి ఎవరికీ పట్టలేదు. ఆటలన్నీ అయిపోయేదాకా నేను గీత బయట కూర్చొని నీళ్ల సీసాలు అందించాను. పెద్దాయన మనవడు అన్ని ఆటలూ ఆడాడు. ఒకసారి నా చేతిలోంచి సీసా తీసుకుంటూ, "సారీ అన్నా" అన్నాడు. వాడికీ నాకూ వయసులో తేడా కొన్ని నెలలే. వాడూ అన్నా అనే అన్నాడు.

ఇంటికి రాగానే బాపు నా జట్టు జాకెట్ అందుకొని, వీపు మీది అక్షరాలను వేలితో తడిమాడు. డిపోలో గ్రీజు అంటిన వేలు, అందుకే ముందు లుంగీకి తుడుచుకున్నాడు.

"మస్తు ఆడినవా బిడ్డా?"

నేను తల ఊపాను. ఏం చెప్పను? నీ తండ్రి కొరడా ఇచ్చేసి కొన్న చోటులో నేను నీళ్లు మోశానని చెప్పనా?

మళ్లీ బోనాలు వచ్చాయి. నేను పోనన్నాను. బాపు వినలేదు. పైగా ఆ ఉక్కలో జాకెట్ తొడుక్కొని రావాలన్నాడు. "అందరు చూడాలె" అన్నాడు. గల్లీలో జిమ్ము అతను పసుపు పూసుకొని, తాత కొరడా పట్టుకొని దూకుతున్నాడు. బాగానే దూకుతున్నాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్కపోవడంతో నాకు ఇంకా బాధేసింది. గుడి అరుగు మీద పెద్దాయన, ఆయన పక్కన మనవడు. బాపు నన్ను చెయ్యి పట్టుకొని ఆయన ముందుకు తీసుకెళ్లాడు.

"కాకా, మావోడు అన్ని ఆటలు ఆడిండు. ఒక్కటి గూడ ఇడువలే."

పెద్దాయన నా జాకెట్ చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. "అవునా? మా మనవడు ఏం చెప్పడు, ఎప్పుడు జూసినా ఫోన్ల తల పెట్టి కూసుంటడు. నిజమేనారా, అన్ని ఆడినవా?"

ఆయన అడిగేవాటికి రెండు జవాబులుండవు. వెనక పోచమ్మ, పసుపు మొహం, వెండి కళ్లు. నేను జాకెట్ జిప్పు కిందికి లాగాను, మళ్లీ పైకి లాగాను. మనవడు ఫోన్ పక్కన పెట్టాడు.

"ఆడిండు తాతా. అన్న మస్తు ఆడిండు" అన్నాడు.

పెద్దాయన సంతోషపడి నా తల మీద చెయ్యి పెట్టాడు. ఏడాది క్రితం పెట్టినట్టే. ఆ చెయ్యి కింద నేను కుంగిపోయాను. నాకు ఏమీ కాని ఒక పిల్లాడు, తన తాత ముందు, తన గుడిలో, నా కోసం అబద్ధమాడాడు. నేను ఆడనిచ్చాను.

బాపు అప్పటికే జనంలోకి వెళ్లాడు. అందరితోపాటు వరసలో నిలబడి, పోతరాజు ముందుకు రాగానే మణికట్టు చాచాడు. ఆ అతను బాపును గుర్తుపట్టి తడబడ్డాడు. "కొట్టు తమ్మీ" అన్నాడు బాపు. కొరడా పడింది. చెయ్యి తీయలేదు. "ఇంకోటి" అన్నాడు. అతను కొరడా మెల్లగా ఎత్తాడు. "గట్ల కాదు, గట్టిగ" అన్నాడు బాపు. ఆ దెబ్బ చప్పుడు డప్పుల్లో కూడా వినిపించింది.

తిరిగొస్తుంటే ఆయన మణికట్టు మీద ఎర్రగా వాత తేలింది. ఒక వాత మీద ఇంకొకటి.

"రెండోసారి ఎందుకు బాపు?" అని అడిగాను.

"మొదటిది అందరి లెక్కనే. రెండోది ఇందాక కాకకు చెప్పినదానికి."

నేను ఆగిపోయాను. ఆయన ఆగలేదు, కుంటుతూ రెండడుగులు ముందుకు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నిన్ను దింపలేదని డ్రిల్ సార్ నాకు అప్పుడే చెప్పిండు బిడ్డా."

గబగబా జాకెట్ జిప్పు లాగి ఒక చెయ్యి బయటికి తీశాను. అరుగుల మీద జనం ఇంకా మమ్మల్నే చూస్తున్నారు. బాపు వెనక్కి వచ్చి, వాత తేలిన చేత్తోనే జాకెట్ మళ్లీ నా భుజం మీదికి లాగాడు.

"తొడుక్కో" అన్నాడు. "ఇంకా గల్లీ దాటలే."